కొర్లయ్య దరువు

ఏవయ్యా, నిన్నే! ఫోను నెత్తికంటే ఎత్తున పట్టుకుని డాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ "సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదు" అంటున్నావే, నిన్నే. సిగ్నల్ ఎందుకు లేదు నాయనా, ఉంది. గోల ఎక్కువైంది, అంతే. పెళ్ళి భోజనాల దగ్గర చూడలేదా? సన్నాయి ఒకవైపు, పిల్లల ఏడుపు ఒకవైపు, పక్కవాడు వాళ్ళ అల్లుడి ఉద్యోగం గురించి నీ చెవిలోనే ఊదుతుంటాడు. అయినా బంతి ఆ చివర ఎవడో "జిలేబీ" అన్నాడంటే నీ మెడ అటే తిరుగుతుంది. నీ చెవి గొప్పదనుకుంటున్నావేమో, కాదు. జిలేబీ మీద నీకు మనసుంది. దాని ఆకారం ముందే లోపల పెట్టుకుని కూర్చున్నావు కాబట్టి, తగలగానే పట్టేశావు.

ఇంకో సంగతి ఉంది, చెబితే నీకు కోపం వస్తుంది. ఎవడూ జిలేబీ అనకపోయినా నీకు ఒక్కోసారి వినబడుతుంది.

ఈ కథంతా ఆ రెండు సంగతులే. పోయినవాడి కోసం సముద్రం ఒడ్డు వదలని మనిషి ఒకరున్నారు ఇందులో. ఆ ఫోను దించి విను. చెయ్యి పీకేస్తుంది.

గవ్వలపాలెంలో ఇంజన్లు రాకముందు ప్రతి పడవకీ ఒక దరువు ఉండేది. వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డు కనబడకముందే, తెడ్డు పిడితో పడవ అడుగున కొట్టేవారు. గాలిలో ఆ చప్పుడు నాలుగు బారలు కూడా పోదు. నీళ్ళలో మాత్రం ఒడ్డుదాకా వచ్చేస్తుంది. ఆడవాళ్ళు మోకాలి లోతులో నిలబడి, ఇంకో తెడ్డు రెక్కని నీళ్ళలో ముంచి, పిడికి చెవి ఆనించి వినేవారు. "మాది వొచ్చేత్తంది" అనుకుంటూ పొయ్యి ముట్టించడానికి ఒకామె పరుగెత్తేది. మిగిలినవాళ్ళు చెవులు తియ్యకుండా నిలబడేవారు.

ఆ ఊళ్ళో ఎల్లాజీ అని ఒకడు. బడి వాడికి పడలేదు, వాడు బడికీ పడలేదు. చేతిలో మాత్రం దొంగతనం ఉంది. ఎవరి దరువైనా ఒక్కసారి వింటే దించేసేవాడు. పడవలన్నీ నడిసముద్రంలో ఉండగా, రాతి చాటున కూర్చుని, రెండు గులకరాళ్ళు నీళ్ళలో ముంచి ఒక్కొక్కరి దరువూ కొట్టేవాడు. ఆడవాళ్ళంతా బుట్టలు పట్టుకుని పరుగులు. వచ్చి చూస్తే ఖాళీ సముద్రం, రాతి వెనకాల నవ్వు. తిట్లు తిన్నన్ని తిని, ఆ సాయంత్రం చేపల కూర కూడా వాళ్ళింట్లోనే తినేవాడు.

ఒకసారి మాత్రం దొరికిపోయాడు. అన్న కొర్లయ్యకి కొత్తగా పెళ్ళైంది. పెళ్ళికూతురు పోలమ్మ తెడ్డుకి చెవి ఆనించి నిలబడి ఉంటే, ఎల్లాజీ అన్న దరువు కొట్టాడు. ఆ పిల్ల కదలలేదు. చెవి తీసి, నెమ్మదిగా రాయి చుట్టూ తిరిగి వచ్చి, మరిది చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"మీ అన్న ఆకరి దెబ్బకి ముందు ఊపిరి తీసుకుంటాడు. నువ్వు తీసుకోనేదు."

ఆ ఊపిరి నేర్చుకోవడానికి ఎల్లాజీకి ఒక ఎండాకాలం పట్టింది. నేర్చుకున్నాక ఆ దరువుతో ఎవరినీ ఆటపట్టించలేదు. ఎందుకో వాడికే తెలీదు.

తరవాత పెద్ద తుఫాను వచ్చింది. ఆ రోజు అన్నదమ్ములు వేరువేరు పడవల్లో ఉన్నారు. ఎల్లాజీ ఉన్న పడవ తిరిగొచ్చింది. కొర్లయ్య పడవ రాలేదు. చెక్కముక్క కూడా రాలేదు.

పదేళ్ళు దాటింది. పడవలకి ఇంజన్లు వచ్చాయి, దరువులు పోయాయి. సముద్రం ఒడ్డుని కొరుక్కుంటూ, మొదటి వరస ఇళ్ళు, రెండో వరస ఇళ్ళు, రచ్చబండ, రేషన్ డిపో మింగేసింది. మిగిలినవాళ్ళకి సర్కారు హైవే పక్కన గుట్ట మీద కాలనీ కట్టి ఇచ్చింది. అంతా వెళ్ళిపోయారు. ఒడ్డున రెండు కొంపలు మిగిలాయి: పోలమ్మ ఇల్లు, దాని గోడకి ఆనుకుని ఎల్లాజీ వేసుకున్న పాక.

"వొదినా, ఈ వానాకాలం పోటుకి గోడ ఆగదు. కాలనీకి ఎల్లిపో" అనేవాడు ఎల్లాజీ.

"నువ్వెల్లు. నువ్వెల్లినాక సూద్దాం" అనేది పోలమ్మ, చేపల బుట్ట ఎత్తుకుంటూ.

"నిన్నొదిలేసి నానెల్తానా? లోకం ఉమ్మెయ్యదేటి?"

"అయితే ఉండు."

అంతే. ఏడాదిగా ఇదే మాట. మొండిది, ఆశ చావలేదు దీనికి, అని ఎల్లాజీ తలకొట్టుకునేవాడు. గుమ్మం మీంచి పాకలోకి వంగి గోడ నెర్రెలు చూసేవాడు. ప్రతి పోటుకీ నెర్రె కాస్త వెడల్పయ్యేది.

అలాంటి రోజుల్లో చారుశీల వచ్చింది. ఊరికి పైన కొండ మలుపులో సముద్రం మీద పరిశోధన చేసే ఆఫీసు ఒకటుంది, అందులో సైంటిస్టు. నల్లటి తాడు చివర గుమ్మడికాయంత రబ్బరు బుడ్డి కట్టి సముద్రంలోకి దించాలి, పడవ నడపడానికి మనిషి కావాలి. ఎల్లాజీ కుదిరాడు.

"ఇదేటండి మేడంగోరూ, సముద్రానికి డాట్రు గొట్టమా?"

"అలాంటిదే. గుండె కాదు గానీ జ్ఞాపకం వింటాం" అంది చారుశీల. "లోతున చల్లటి నీళ్ళ పొర ఒకటుంది. అందులో పడ్డ చప్పుడు పైకీ పోదు, కిందకీ పోదు. సన్నబడిపోతూ తిరుగుతూనే ఉంటుంది. మామూలుగా ఎవరికీ వినబడదు. కెరటాలు, ఓడలు, రొయ్యలు, ఈ గోలంతటి కింద ఉంటుంది. నా మిషన్‌కి ఫలానా చప్పుడు కావాలని చెబితే, ఏళ్ళ కిందటిదైనా ఏరి ఇస్తుంది. ఇస్తుందని నా నమ్మకం. పై ఏడాది నిధులిచ్చేవాళ్ళకి చూపించాలి. చూపించలేకపోతే దీన్ని విప్పేసి తాడు మీకిచ్చేస్తాను, బట్టలారేసుకోండి."

"మా ఇంట్లో ఆరేసేది రెండు లుంగీలేనండి. ఇంత తాడు దండగ."

చారుశీల నవ్వి, ఇప్పుడు ఈ సముద్రంలో ఎవరూ చెయ్యని పాత చప్పుడు ఏదైనా చెప్పమంది. ఎల్లాజీ తెడ్డు చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"మా అన్న దరువుంది" అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వదినతో బేరం పెట్టాడు. "మిసన్‌కి అన్న దరువిత్తన్నాను. ఇనబడ్డాదంటే నువ్వుండు, నాను నోరెత్తను. నేదంటే మాత్రం మూట కట్టాల. సరేనా?"

"అప్పుడు నువ్వు కూడా వొత్తావా?"

"వొత్తాను."

"సరే" అంది పోలమ్మ. అంత తొందరగా ఒప్పుకుంటుందని ఎల్లాజీ అనుకోలేదు. పాపం, దొరుకుతుందని అంత ధీమా, అనుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో పెద్ద నీళ్ళ తొట్టి పెట్టారు. చారుశీల రెండు నమూనాలు కావాలంది. "ఒకటి మీ అన్నయ్యది. రెండోది, ఎవరూ ఎప్పుడూ కొట్టనిది. మీరే ఇప్పటికిప్పుడు కల్పించాలి."

"అదెందుకండి?"

"ఏం వెతకాలో మనమే మిషన్‌కి చెబుతున్నాం కదా, ప్రమాదం అక్కడే. గోల నెలలకొద్దీ ఉంటుంది. అందులో మనం అడిగిన ఆకారంలాంటి ముక్కలు ఎక్కడో అక్కడ ఊరికే తగులుతాయి. ఆ ముక్కలన్నీ ఏరి కలిపితే అచ్చం మనం అడిగిందే తయారవుతుంది. లోపల ఏమీ ఉండదు, మన కోరిక తప్ప. అందుకే లేనిదాన్ని కూడా వెతికిస్తాను. అదీ దొరికిందంటే మిషన్ మన మొహం చూసి అబద్ధం చెబుతోందని అర్థం."

"దొంగ దరువన్నమాట. సరైన మనిసినే అడిగేరు."

ఇక చూడు, ఎల్లాజీ బుర్ర ఎలా తిరిగిందో. అన్న దరువు దొరికితే వదిన ఒడ్డు కదలదు, గోడ మీద పడి చస్తుంది. దొరక్కూడదు. కాబట్టి మొదటి నమూనా కింద నోటికొచ్చినట్టు, కాదులే, చేతికొచ్చినట్టు ఒకటి కల్పించి కొట్టాడు. ఇదే మా అన్నది అన్నాడు. మరి రెండోది? రెండో నమూనాకి రాళ్ళు నీళ్ళలో ముంచాడు. కళ్ళు మూసుకున్నాడు. అన్న దరువు కొట్టాడు. ఆఖరి దెబ్బకి ముందు ఊపిరి తీసుకున్నాడు. వదినకి తెలియక్కరలేదు. తనకి తెలిస్తే చాలు.

"బాగుంది, చాలా సహజంగా ఉంది. అప్పటికప్పుడు ఎలా కల్పించారు?" అంది చారుశీల.

"కళండి" అన్నాడు ఎల్లాజీ.

మిషన్ వారాల తరబడి విన్నది. ఒకరోజు చారుశీల పిలిచింది. మొహం ఉతికి పిండిన గుడ్డలా ఉంది.

"మీ అన్నయ్యది ఎక్కడా లేదు ఎల్లాజీ గారూ. క్షమించండి."

"పర్లేదండి" అన్నాడు ఎల్లాజీ, అనుకున్న ప్రకారం తల దించుకుని.

"కల్పించింది మాత్రం ఉంది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. స్పష్టంగా. లేనిదాన్ని ఉందంటోంది. అంటే ఇన్నేళ్ళ పనీ పనికిరానిదే."

ఎల్లాజీ ద్వారబంధం పట్టుకున్నాడు. అతనికి నవ్వు వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "నాను మల్లీ వొత్తానండి" అని మాత్రం అని బయటపడ్డాడు.

ఇంటికెళ్ళేసరికి, ఆఫీసులో చేపలు కొనేవాళ్ళ నోట కబురు ముందే చేరింది. పోలమ్మ ట్రంకుపెట్టెకి తాడు కట్టేసి, గిన్నెలు మూట కట్టేసి, చాప చుట్టేసి గుమ్మంలో కూర్చుని ఉంది.

"నేదంట గదా. పద."

ఎల్లాజీ పెట్టె వైపు చూశాడు. సముద్రం వైపు చూశాడు. ఇప్పుడు, తీరా అన్న ఎక్కడో తెడ్డు పట్టుకుని కొడుతుంటే, ఇప్పుడా వెళ్ళడం?

"అంత తొందరేటి వొదినా. మిసన్లని నమ్ముతామేటి. ఇంకొన్నాల్లు సూద్దాం."

పోలమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "అలాగేలే" అని పెట్టె తాడు విప్పింది.

మర్నాడు ఎల్లాజీ ఆఫీసుకి వెళ్ళేసరికి చారుశీల నేల మీద కూర్చుని మిషన్ మరలు విప్పుతోంది. ఎల్లాజీ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆ మరలు మల్లీ బిగించెయ్యండి మేడంగోరూ. తప్పు మిసన్‌ది కాదు. దొంగది మా అన్నదని సెప్పేను. మా అన్నది దొంగదని సెప్పేను."

అర్థం కావడానికి ఆమెకి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక చేతిలో స్క్రూడ్రైవర్ విసిరింది, అది గోడకి తగిలింది, బతికిపోయాడు.

"మీకు బుద్ధుందా? నేను రెండు రోజులుగా అన్నం తినలేదు!"

"నాను కూడా తిననేదండి. వేరే కారనం."

ఆమె ఇంకా తిట్టేదే. మధ్యలో ఆగిపోయింది. మిషన్ వైపు తిరిగింది. "అయితే... లేనిదాన్ని లేదంది. ఉన్నదాన్ని ఉందంది" అంది నెమ్మదిగా. "ఎల్లాజీ గారూ, ఇది విన్నది!"

"ఎప్పటిదండీ? తుపానుకి ముందరిదా, తరవాతదా?"

"పాత చప్పుడైతే తిరిగి తిరిగి అంచులు అరిగిపోతాయి. ఇవి అరగలేదు. తరవాతవే. చాలా తరవాతవి."

"ఎక్కడ్నించి?"

ఆమె గోడ మీద మ్యాప్ దగ్గరికి వెళ్ళి, బుడ్డి దించిన చోటు నుంచి రెండు గీతలు గీసింది. మధ్యలో సగం సముద్రం పట్టింది, పెద్ద పుచ్చకాయ చెక్కలా. "ఇందులో ఎక్కడో. ఇంతకంటే ఇప్పుడు చెప్పలేను. ఇంకా వింటే, ఇంకో రెండు చోట్ల బుడ్డి దించితే, ఈ ముక్క సన్నబడుతుంది."

ఆ పుచ్చకాయ ముక్కలో ఒక మూల దీవులున్నాయి. ఎల్లాజీ కళ్ళు అక్కడే అతుక్కున్నాయి. ఇంకో అంచున కాస్త నేల కూడా తగిలింది. అటు అతను చూడలేదు.

ఇక ఎల్లాజీ ఆగలేదు. ఆమె చెప్పిన చోటల్లా, చెప్పని చోట కూడా బుడ్డి దించాడు. రోజూ మ్యాప్ ముందు నిలబడి గీతలు ఎంత దగ్గరపడ్డాయో చూసుకునేవాడు. తన పాత పడవకి తారు పూశాడు, రంగు వేశాడు. అన్నకి ఇష్టమని పొగాకు కట్ట కొని చూరులో దోపాడు. గడ్డం గీయించుకున్నాడు. "ఏటిరా, పెల్లి గాని సేసుకుంటన్నావా?" అని పోలమ్మ అడిగితే, "ఆఁ, నువ్వే పెద్దదిక్కు, పిల్లని సూడు" అన్నాడు. చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చేది. ఇంకాస్త సన్నబడనీ అని మింగేసేవాడు.

ఒకరోజు చారుశీల అంది: "ఒక చిన్న తేడా ఉంది. మీరిచ్చిన నమూనాలో కంటే, ఆఖరి దెబ్బ ముందు ఆగడం ఎక్కువగా ఉంది. ప్రతిసారీ అంతే. పొరపాటు కాదు."

ఎల్లాజీ ఆ మాట పట్టుకుని పడవలో ఒక్కడూ కూర్చున్నాడు. అన్న ఊపిరి పొడుగైంది. చెయ్యి లేవడానికి టైం పడుతోంది. "ముసిలోడైపోనాడు" అనుకున్నాడు. అతని లోపల ఎప్పుడూ తుఫాను నాటి వయసులోనే ఉన్న అన్న ఆ ఒక్క సాయంత్రంలో నెరిసిపోయాడు, వంగిపోయాడు, దీవి ఒడ్డున ఒక దుంగ మీద కూర్చుని, మళ్ళీ చెయ్యెత్తడానికి బలం కూడగట్టుకుంటున్నాడు. ఎల్లాజీకి అతని మోకాళ్ళు కూడా కనబడ్డాయి.

గీతలు దగ్గరపడ్డాయి. దీవులు ఆ ముక్క బయటికి పోయాయి. పడవలు లంగరు వేసే చోటు బయటికి పోయింది. సముద్రమంతా బయటికి పోయింది. చివరికి చారుశీల మ్యాప్ మీద బొటనవేలు పెట్టి, వెనక్కి తిరిగి అతని వైపు చూసింది.

"ఇది... మీ ఊరి రేవు. మీ ఇళ్ళున్న చోటే. చప్పుడు వయసు చూస్తే ఈ వారంలోదే. పొద్దు పొడిచే వేళకి."

ఆమె గొంతు తగ్గించి అంది: "ఇంకొకటుంది, చెప్పాలో వద్దో. ఈ తాజావాటి అడుగున, బాగా అరిగిపోయింది ఒకటి ఉన్నట్టుంది. గోలకీ దానికీ తేడా తెలియనంత సన్నగా. ఆగడం మీ నమూనాలో ఉన్నంతే ఉంది. ఉందని సంతకం పెట్టమంటే పెట్టలేను. లేదని కూడా పెట్టలేను."

మర్నాడు తెల్లవారుతుండగా ఎల్లాజీ పనికి వెళ్ళలేదు. పాక వెనక నుంచి ఒడ్డుకి దిగాడు. అన్న వస్తే కనబడాలి కదా. ఇసక ఖాళీ. సముద్రం ఖాళీ. కాస్త దూరంలో పోలమ్మ మోకాలి లోతులో వంగి, రోజూలాగే చేపల బుట్ట కడుక్కుంటోంది.

ఎల్లాజీ తెడ్డు తెచ్చి రెక్క నీళ్ళలో ముంచాడు. ఎన్నేళ్ళయిందో. పిడికి చెవి ఆనించాడు.

కెరటాల హోరు. దూరంగా ఓడ గొణుగుడు. ఆ కింద, కట్టెలోంచి నేరుగా ఎముకలోకి, అన్న దరువు. ఒక్కొక్క దెబ్బా. ఆఖరి దెబ్బకి ముందు ఊపిరి. పొడుగాటి ఊపిరి.

కళ్ళు తెరిచి చూశాడు. పోలమ్మ పక్కన బుట్ట తేలుతోంది. ఆమె రెండు చేతులూ నీళ్ళలో ఉన్నాయి. భుజం నొప్పికి కాస్త ఆగి, ఆఖరి దెబ్బ కొట్టింది.

తెడ్డు పట్టుకుని ఎల్లాజీ అలాగే నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళాడు. ఆమె చేతుల్లో రెండు గులకరాళ్ళు.

"నువ్వా?"

"ఈ రాల్ల సప్పుడు నువ్వు నేర్పిందే గదా" అంది పోలమ్మ, రాళ్ళు దాచుకోకుండా.

"ఎవుర్ని పిలుత్తన్నావు? ఒత్తాడనా?"

"ఓలమ్మ, ఒత్తాడని ఎవురన్నారు? ఎల్లిపోనాడు నాయనా. నాకా తుపాను నాడే తెలుసు." ఆమె బుట్ట లాక్కుంది. "ఆ సప్పుడు ఈ ఒడ్డున ఆగిపోకూడదనిపించింది. పొయ్యి ముట్టిచ్చినట్టు, పొద్దున్నే ఒకసారి కొడతాను. అంతే."

"మరి... మరి కాలనీకి ఎందుకెల్లవు? గోడ కూలిపోతాదంటే ఇనవు?"

"నువ్వు కదిలితే గదా! ఎప్పుడడిగినా నువ్వెల్లు ముందు అన్నాను, ఎల్లేవా? రోజూ పొద్దుగూకినాక ఆ రాతి మీద కూకుని సముద్రంకేసే సూత్తన్నావు. మీ అన్న ఒత్తాడని. నిన్నొక్కన్నీ ఈ కెరటాలకొదిలేసి నానెలాగెల్తాను? నాకు నిన్ను అప్పసెప్పి పోయేడాయన."

కెరటం వచ్చి మోకాళ్ళకి తగిలి పోయింది.

"అడుగున ఇంకొకటి ఉన్నాదంట వొదినా" అన్నాడు ఎల్లాజీ. "బాగా అరిగిపోనాది. సన్నగా. అవునో కాదో సెప్పనేనన్నాది మేడం."

పోలమ్మ నీళ్ళకేసి చూసింది. "ఉంటాదిలే" అంది. "ఉండనీ."

రాళ్ళు రెండూ అతని చేతిలో పెట్టింది. "ఇయ్యి కూడా మూటలో ఎయ్యి. కాలనీలో నీల్లతొట్టి ఉన్నాదంట."

ఏం నాయనా, అంతసేపూ పోలమ్మే ఎదురుచూస్తోందనుకున్నావు కదూ? నేనన్నానా? ఎల్లాజీ అనుకున్నాడు, నువ్వు నమ్మావు. ఆ ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరినీ బుట్టలతో పరుగెత్తించినవాడు, సైంటిస్టు చేత అన్నం మాన్పించినవాడు, ఆ మధ్యాహ్నం ట్రంకుపెట్టె నెత్తినెత్తుకుని గుట్ట మీదికి బయల్దేరాడు. పోలమ్మ ముందు నడిచింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా.

అడుగడుక్కీ ఆగి, తిరిగి తిరిగి సముద్రం వైపు చూసింది ఎల్లాజీయే.